నలుపు తెలుపు ప్రింటులో ఆకుపచ్చ ఎందుకొస్తుంది?

మానిటర్ మీద ముత్యంలా కనబడిన ప్రకాశం బ్యారేజీ ఫోటో ప్రింటులో ఆకుపచ్చ కొడుతోందా? తప్పు ఫోటోది కాకపోవచ్చు. ఎప్సన్ ఎల్805 లాంటి ఆరు ఇంకుల ప్రింటర్లో బూడిద ఇంకు లేదు. నల్ల ఇంకు ఎక్కువగా నీడల్లోనే పడుతుంది. నడిమి టోన్లకు సయాన్, మెజెంటా, పసుపు కలిపి బూడిదను పుట్టించాలి. పాళ్లు కొంచెం తప్పినా కన్ను పట్టేస్తుంది. నల్ల ఇంకొక్కటే వాడితే రంగు కొట్టదు గానీ, లేత ఆకాశం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి.

ముందు నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు మూసుకున్నాయో లేదో చూపే ప్రింటు) తీయండి. మన ఎండలకు వారం రోజులు వాడకపోయినా ఇంకు గట్టిపడే ప్రమాదముంది. లేత మెజెంటా మూసుకుంటే ఆకుపచ్చ, లేత సయాన్ మూసుకుంటే ఎరుపు. అది బాగుంటే కలర్ మేనేజ్‌మెంట్ చూడండి. ఫోటోషాప్‌లో పేపర్ ప్రొఫైల్ (ఆ పేపర్ మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) ఇచ్చాక ప్రింటర్ డ్రైవర్లో 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' పెట్టాల్సిందే. రెండూ దిద్దడం మొదలెడితే సాధారణంగా మెజెంటా తిరుగుతుంది.

ఇక అసలు పని. 0 నుంచి 100 శాతం దాకా ఐదేసి చొప్పున 21 మెట్ల బూడిద పట్టీని అదే పేపర్ మీద తీసి, ఒక రోజు ఆరనివ్వండి. డై ఇంకు తడిమీద చూపించే రంగు నమ్మదగింది కాదు. 90, 95, 100 ఒకే నలుపుగా కలిసిపోతే ఫోటోషాప్ కర్వ్స్‌లో (వెలుగునీడల్ని దిద్దే గీతలో) నీడల్ని కాస్త పైకి లేపాలి. మ్యాట్ పేపర్ మీద ఈ బెడద ఎక్కువ. నడిమి మెట్లు ఆకుపచ్చగా ఉంటే ఫైలును ఆర్‌జీబీలోకి మార్చి అదే కర్వ్స్‌లో గ్రీన్ చానెల్లో 128ని (0 నలుపు, 255 తెలుపు అయితే ఇది నడిమి బూడిద) 126కి దించండి. రెండు అంకెలే, అయినా తేడా తెలుస్తుంది. వెచ్చని టోను కావాలంటే బ్లూ 128ని 124కి, రెడ్ 130కి. రెండు చివర్లనూ కదపొద్దు.

ఒక్క మినహాయింపు: మిట్టమధ్యాహ్నపు ఆకాశం 255 దగ్గరుంటే ఇంకు చుక్కే పడదు, ఫోటో అంచు బోర్డరులో కలిసిపోతుంది. దాన్ని 246కి దించితే చాలు.

బూడిద ఇంకులుండే ఎప్సన్ పీ700, పీ900 ప్రింటర్లలో ఈ తంటా చాలావరకు లేదు. అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లోని రంగుల చక్రంతో టోను తిప్పుకోవచ్చు. అప్పుడు మాత్రం ఫోటోషాప్‌లో 'ప్రింటర్ మేనేజెస్ కలర్స్' ఉండాలి.

బీసెంట్ రోడ్డు షాపులో ట్యూబ్‌లైటు కింద చూసి ఓకే చేసేయకండి. రంగు ఇంకులతో చేసిన బూడిద ఇంట్లో పసుపు ఎల్ఈడీ కింద వేరే రంగు చూపిస్తుంది. పట్టీని ఫ్రేము తగిలించబోయే గోడకే ఆనించి చూడండి.