నీలి తిమింగలం ఎన్ని టిక్కీలు?

రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షకి ప్రిపేరవుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది రాస్తున్నా. మ్యాథ్స్, రీజనింగ్ గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు, వాటి జోలికి పోను. నన్ను ఏడిపించింది జనరల్ సైన్స్‌లో ఒక్క పేజీ: అతి పెద్ద జంతువులు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక రీడింగ్ రూమ్‌కి వెళ్లేవాణ్ణి. మొదటి మాక్ టెస్ట్‌లో ‘అతి పెద్ద చేప ఏది’ అని అడిగితే, ‘అతి పెద్ద’ దాకా చదివి నీలి తిమింగలం నొక్కేశా. అది పిల్లల్ని కని పాలిచ్చే జీవి అని స్కూలు పిల్లలకీ తెలుసు. జవాబు వేల్ షార్క్. పేరులో వేల్ ఉన్నా అది సొరచేపే. 12 మీటర్లవి మామూలే, 18 దాటినవీ నమోదయ్యాయి. మార్కు పోయింది, పైగా మూడో వంతు నెగటివ్.

తర్వాత అంకెల గొడవ. నీలి తిమింగలం బరువు ఒక మెటీరియల్‌లో 150 టన్నులు, ఇంకోదాంట్లో 190. ఏది బట్టీ పట్టాలో తెలీక టెన్షన్. మా నాన్న మిర్చి యార్డులో హమాలీ. సాయంత్రం ఆయన వాకిట్లో చొక్కా విదిలిస్తే ఆ ఘాటుకి ఇంట్లో అందరికీ తుమ్ములే. ఆ రోజు అన్నం తింటూ నా గోడు చెప్పుకున్నా. ‘అంత దాన్ని ఏ కాటా మీద పెట్టార్రా?’ అన్నాడు. పెట్టలేదు, అదే అసలు సంగతి. వేట సాగిన రోజుల్లో ముక్కలు కోసి, ముక్కల్ని తూచి కలిపేవాళ్లు. ‘మరి కారిపోయిన నెత్తురో?’ అన్నాడు వెంటనే. దాన్ని అంచనా కట్టి కలపాల్సిందే, అందుకే లెక్కల్లో తేడాలు. 190 టన్నులు 1947లో దక్షిణ మహాసముద్రంలో దొరికిన ఒక ఆడ తిమింగలం రికార్డు. ప్రతి తిమింగలం అంత ఉండదు. పొడవు రికార్డు దానిది కాదు, 1909లో దక్షిణ జార్జియా దీవిలో ఒడ్డుకు చేర్చిన ఇంకో ఆడదానిది, 33 మీటర్ల పైచిలుకు. మన రైలు ఎల్‌హెచ్‌బీ రకం బోగీ ఒకటి సుమారు 24 మీటర్లే.

అప్పటినుంచి టన్నుల్ని టిక్కీల్లోకి మార్చడం మొదలెట్టా. టిక్కీ అంటే ఎండుమిర్చి బస్తా, 40 నుంచి 45 కిలోలు. 2014లో కెనడా తీరంలో చనిపోయిన ఒక నీలి తిమింగలం గుండెని టొరంటో మ్యూజియం వాళ్లు భద్రపరిచారు, సుమారు 180 కిలోలు. అంటే నాలుగు టిక్కీల గుండె! మగ ఆఫ్రికా ఏనుగు సగటున 6 టన్నులు, నూట నలభై టిక్కీలు. 150 టన్నుల తిమింగలానికైతే పది టైర్ల లారీలు తొమ్మిదో పదో కావాలి. ఇలా మార్చాక ఒక్కటీ మర్చిపోలేదు.

ప్రశ్నలో చూడాల్సింది ‘పెద్ద’ అన్న ఒక్క మాటని కాదు, ఏ జాతిలో, ఏ కొలతలో అన్నదాన్ని. పాముల్లో పొడవైనది రెటిక్యులేటెడ్ పైథాన్, బరువైనది గ్రీన్ అనకొండ, విషసర్పాల్లో పొడవైనది మన రాచనాగు, అదే కింగ్ కోబ్రా. ఒకే జాబితాలో మూడు జవాబులు. పక్షుల్లోనూ అంతే: పెద్దది ఉష్ట్రపక్షి, రెక్కల చాపు ఎక్కువున్నది వాండరింగ్ ఆల్బట్రాస్, మూడున్నర మీటర్ల దాకా. ఎత్తంటే జిరాఫీ, దాని గురించి పెద్దగా తికమక లేదు.

పెరూలో దొరికిన శిలాజాన్ని బట్టి పెరుసెటస్ అనే పురాతన తిమింగలం 85 నుంచి 340 టన్నులు ఉండొచ్చని 2023లో శాస్త్రవేత్తలు అన్నారు. నీలి తిమింగలం రికార్డు పోయినట్టేనని నోట్స్‌లో కొట్టేశా. 2024లో వేరే శాస్త్రవేత్తలు లెక్క సరిచేసి 60 నుంచి 114 టన్నులకి దించారు. కొట్టేసిన లైన్ మళ్లీ రాసుకున్నా. మీ పాత కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లో పెద్ద అంకె ఉంటే దిద్దుకోండి.

మొన్న రివిజన్ చేస్తుంటే నాన్న పక్కన కూర్చుని, ‘ఎలక జాతిలో పెద్దది ఎంత?’ అన్నాడు. దక్షిణ అమెరికాలో కాపిబారా, 50 కిలోలు కూడా దాటుతుందన్నా. కాసేపు మాట్లాడలేదు. ‘ఎలకే టిక్కీ కన్నా బరువా? అదే మన గోడౌన్‌లో దూరితే ఇంకేముంది’ అని లేచి పడుకోడానికి పోయాడు.