పికప్‌లో అంతు చిక్కని పెట్రోలు ఆవిరి లీకు: నా అనుభవం

నా పికప్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడల్లా స్కానర్ ఒకే కోడ్ చూపించేది: పీ0442. ఆవిరి వ్యవస్థలో చిన్న లీకు ఉందని దాని అర్థం. చెరిపేస్తే కొన్నాళ్లు ఊరుకుని మళ్లీ వచ్చేది. ట్యాంకు నింపినప్పుడు మాత్రం వెనక పెట్రోలు వాసన కూడా వచ్చేది. ఇది మిషిగన్‌లో తిరిగిన పాత పెట్రోలు బండి, ఇప్పుడు డాలస్‌లో ఉంది. మన ఊళ్లలో తిరిగే పికప్‌లు దాదాపు అన్నీ డీజిల్‌వే. డీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు కాబట్టి అక్కడి మెకానిక్‌లకు ఈ తలనొప్పి తక్కువ. అమెరికాలో పెట్రోలు పికప్ ఉన్నవాళ్లకు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు.

ట్యాంకులో పుట్టే ఆవిరిని గాలిలోకి వదలకుండా బొగ్గు గుళికలున్న డబ్బాలోకి పంపుతారు. దాన్నే క్యానిస్టర్ అంటారు. ఇంజిన్ దగ్గరున్న పర్జ్ వాల్వు తెరుచుకుంటే ఆ ఆవిరిని ఇంజిన్ పీల్చుకుని కాల్చేస్తుంది. క్యానిస్టర్ పక్కనుండే వెంట్ వాల్వు బయటి గాలిని లోపలికి రానిస్తుంది. కరెంటు లేనప్పుడు పర్జ్ వాల్వు మూసి ఉంటుంది, వెంట్ వాల్వు తెరిచి ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం పరీక్షలు వాటంతటవే అర్థమవుతాయి.

నా బండిలో కంప్యూటర్ చేసే పరీక్ష ఇది: వెంట్ మూసి, పర్జ్ తెరిచి, ట్యాంకులో కొద్దిగా వాక్యూమ్ పుట్టించి, తర్వాత పర్జ్ కూడా మూసేసి, ఆ వాక్యూమ్ ఎంత త్వరగా పడిపోతుందో ట్యాంకు ప్రెషర్ సెన్సర్‌తో చూస్తుంది. 0.040 అంగుళాల రంధ్రం, అంటే ఒక మిల్లీమీటరు, ఉన్నా పీ0442 వస్తుంది. అందులో సగం రంధ్రానికి పీ0456, పెట్రోలు ట్యాంకు మూత తీసి వదిలేసినంత పెద్ద లీకుకు పీ0455. లీకు ఎంత పెద్దదో కోడ్ చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. అందుకే కోడ్ చూసి వరుసగా పార్టులు మార్చుకుంటూ పోవడం డబ్బు దండగ.

ముందు ట్యాంకు మూత చూశాను. రబ్బరు సీలులో పగుళ్లు లేవు. మూత కూర్చునే అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా గరుకు తగల్లేదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లలో ఫిల్లర్ గొట్టం (పెట్రోలు పోసే గొట్టం) తుప్పు పట్టేది ఎక్కువగా చక్రం వైపు, ప్లాస్టిక్ కవరు వెనక. కవరు విప్పి అద్దం పెట్టి చూశాను, బాగానే ఉంది.

తర్వాత పర్జ్ వాల్వు. చల్లటి ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచి, వాల్వు కరెంటు ప్లగ్ ఊడదీసి, క్యానిస్టర్ వైపు గొట్టం తీసి, ఆ వాల్వు మూతి మీద వేలు పెట్టాలి. పీల్పు తగలకూడదు. తగిలిందంటే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. పెట్రోలు పోయించుకున్న వెంటనే స్టార్ట్ కాక మొరాయించే బండ్లలో చాలాసార్లు ఇదే దోషం. వాల్వు విప్పి తెల్ల కాగితం మీద తట్టి కూడా చూశాను. నల్లటి బొగ్గు రవ్వ రాలితే క్యానిస్టర్ లోపల పగిలిపోయిందని అర్థం. అప్పుడు వాల్వు ఒక్కటే మారిస్తే కొత్తది కూడా ఆ రవ్వతోనే చెడుతుంది. పంపు క్లిక్‌మని ఆగాక కూడా ఇంకాస్త పోయించే అలవాటే క్యానిస్టర్‌ని చంపుతుంది, ఆవిరి వెళ్లాల్సిన చోటికి ద్రవమే వెళ్తుంది. నా వాల్వు నుంచి రవ్వ రాలలేదు.

వెంట్ వాల్వు స్టెప్నీ పైన, ఛాసిస్ పట్టీ మీద ఉంటుంది. దుమ్ము, బురద అంతా దానికే. సాలీళ్లు కూడా చేరతాయి. పెట్రోలు వాసనకు వచ్చే ఒక రకం సాలీడు వెంట్ గొట్టంలో గూడు కడుతోందని 2011లో మాజ్దా సంస్థ అమెరికాలో యాభై వేలకు పైగా మాజ్దా 6 కార్లను వెనక్కి పిలిపించింది. నా వాల్వును స్కానర్‌తో మూయించి, చేతి వాక్యూమ్ పంపు పెట్టి చూస్తే పట్టు నిలిచింది.

ఇక పొగ పరీక్ష, అంటే వ్యవస్థలోకి మెషీన్‌తో పొగ పంపి అది ఎక్కడ బయటికొస్తుందో చూడటం. ఇంజిన్ గదిలో ఆకుపచ్చ మూత ఉన్న చిన్న సర్వీస్ పోర్టు దగ్గర మెషీన్ తగిలించాలి. లోపలి వాల్వు కోర్‌కి ఉల్టా మర, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. ప్రెషర్ అర పీఎస్ఐ చాలు, అంటే దాదాపు 14 అంగుళాల నీటిమట్టం. ఒక పీఎస్ఐ దాటించకూడదు. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ పెడితే సెన్సర్, సీళ్లు పోతాయి. గాలికి బదులు నైట్రోజన్ వాడాను. పెట్రోలు ఆవిరిలోకి గాలి ఎక్కిస్తే మండే మిశ్రమం తయారవుతుంది. పెయింట్ డబ్బాలో హీటర్ వైరు పెట్టి ఇంట్లో చేసుకునే పొగ మెషీన్లను పెట్రోలు ట్యాంకు దగ్గరకు రానీయకండి.

పొగ పెట్టే ముందు స్కానర్‌తో వెంట్ మూయించాలి, లేకపోతే పొగంతా అటే పోతుంది. ట్యాంకు మూత తెరిచి ఉంచి, అక్కడ పొగ కనిపించాక బిగించాలి. అప్పుడే వ్యవస్థంతా పొగ నిండినట్టు. ఫ్యాన్లు ఆపేసి, టార్చ్ లైటు పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడాలి.

పొగ ఎడమ వెనక చక్రం దగ్గర, ఛాసిస్ పట్టీ చివర కనిపించింది. అక్కడ ఆవిరి గొట్టమే లేదు! పొగ పుట్టిన చోట కాక, పట్టీ వెంట పాకి సందు దొరికిన చోట బయటపడుతుంది. కాబట్టి వ్యవస్థను ముక్కలుగా విడదీశాను. క్యానిస్టర్ నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం తీసి, క్యానిస్టర్ వైపు రబ్బరు బిరడా పెడితే మెషీన్ ఫ్లో మీటరులోని గోళీ (లీకు ఎంత ఉంటే అంత పైకి లేస్తుంది) అడుక్కి దిగిపోయింది. అంటే పర్జ్, క్యానిస్టర్, వెంట్ మూడూ నిర్దోషులు. పొగ గొట్టాన్ని నేరుగా ట్యాంకు వైపు పెట్టగానే గోళీ మళ్లీ లేచింది. మెషీన్‌తో వచ్చిన 0.040 రంధ్రపు బిళ్ల పెట్టి పోల్చితే గోళీ దాదాపు అదే ఎత్తులో నిలిచింది. లీకు ట్యాంకు పైభాగంలోనే ఉంది.

చాలామంది ఇక్కడ ట్యాంకు దించుతారు. పికప్‌కి బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) లేపడమే సులువు. నా బండి బెడ్‌కి 8 బోల్టులు, కొన్ని బండ్లకు 6. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. బోల్టు టార్క్స్ తల (నక్షత్రం ఆకారపు) గుంటలో మట్టి గట్టిపడి ఉంటుంది. మేకుతో గీకి శుభ్రం చేయకుండా బిట్ పెడితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లే గతి. ఫిల్లర్ మూతి దగ్గరి స్క్రూలు, వెనక లైట్ల ప్లగ్, ఎర్త్ పట్టీ విప్పాను. ట్యాంకు డ్రైవరు వైపు ఉంటుంది కాబట్టి ఆ వైపు బోల్టులు పూర్తిగా తీసి, అవతలి వైపువి వదులు చేసి, ఇంజిన్ హాయిస్టుతో బెడ్‌ని ఒక పక్కకు ఎత్తి, నాలుగు అంగుళాల చెక్క దిమ్మెలు పెట్టాను. హాయిస్టు ఒక్కదాన్నే నమ్మి బెడ్ కింద చెయ్యి పెట్టకూడదు.

ట్యాంకు పైన ఎండిన మట్టి, ఉప్పు కలిసి అట్టకట్టి ఉంది. దాని కింద, ట్యాంకు లోపలి పెట్రోలు పంపు మాడ్యూల్‌ని పట్టి ఉంచే ఇనుప లాక్ రింగ్ అప్పడంలా పొరలు లేచిపోయింది. దాని పళ్లలో ఒకటి తుప్పుకి ఊడిపోవడంతో ఆ వైపు బిగింపు లేదు. సరిగ్గా అక్కడి నుంచే సన్నటి పొగ దారంలా లేస్తోంది. ట్యాంకు నింపినప్పుడే వెనక పెట్రోలు వాసన రావడానికి కారణం కూడా ఇదే: పెట్రోలు అంత ఎత్తున ఊగుతూ ఈ సీలు దాకా చిమ్ముతుంది.

ట్యాంకులో పావు కంటే తక్కువ పెట్రోలు ఉంచి, లైన్‌లో ప్రెషర్ వదిలేసి, బ్యాటరీ నెగటివ్ తీసి పని మొదలుపెట్టాలి. రింగు విప్పకముందే మట్టంతా ఊది కడిగేయాలి, లేకపోతే అది ట్యాంకులో పడుతుంది. రింగును ఇత్తడి పంచ్‌తో తట్టాలి, ఇనుముతో కొడితే నిప్పురవ్వ వస్తుంది. అంచు మీది తుప్పును ప్లాస్టిక్ గీకుడుతో తీశాను. తిరిగే వైరు బ్రష్ అక్కడ వద్దు. పాత ఓ రింగ్ ఒక వైపు బల్లపరుపుగా అణిగిపోయి ఉంది. కొత్త ఓ రింగ్, కొత్త లాక్ రింగ్ వేశాను. సిలికాన్ పూసి సరిపెట్టడం పనికిరాదు, పెట్రోలుకు అది ఉబ్బి ఊడిపోతుంది. పక్కనే రోల్ ఓవర్ వాల్వుకి (బండి బోల్తా పడితే పెట్రోలు కారకుండా ఆపేది) వెళ్లే పొట్టి గొట్టం వంపులో పగుళ్లు మొదలై ఉంటే, అంత దూరం వచ్చాను కాబట్టి అదీ మార్చేశాను.

బెడ్ దించకముందే మళ్లీ పొగ పెట్టాలి. గోళీ అడుగునే ఉండిపోయింది. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, స్కానర్‌తో కంప్యూటర్ చేసే వాక్యూమ్ పరీక్ష కూడా చేయించాను. పొగ లోపలి నుంచి తోస్తుంది, కంప్యూటర్ లోపలికి లాగుతుంది. ఒక వైపు ఒత్తిడికి మూసుకునే సీలు ఇంకో వైపుకి తెరుచుకోవచ్చు, అందుకే రెండూ చూడాలి.

కోడ్ చెరిపేశాక ఆవిరి పరీక్ష తనంతట తాను పూర్తి కావడానికి సమయం పడుతుంది. పెట్రోలు సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి, బండి రాత్రంతా చల్లబడి ఉండాలి, స్టార్ట్ చేశాక కొంతసేపు ఒకే వేగంతో నడపాలి. బండిని బట్టి లెక్కలు కొంచెం మారతాయి. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు సేఫ్టీ తనిఖీ ఎత్తేసినా, డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ వంటి కౌంటీల్లో ఎమిషన్ (పొగ కాలుష్య) పరీక్ష ఉంది. 2001, ఆ తర్వాతి మోడల్ బండ్లకు ఒక్క మానిటర్ (బండి కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్ష) పూర్తి కాకపోయినా పాస్ చేస్తారు. అయినా లీకు నిజంగా పోయిందో లేదో తేల్చేది ఆవిరి మానిటరే కాబట్టి, అది రెడీ అని స్కానర్‌లో చూశాకే బండిని పరీక్షకు తీసుకెళ్లాను.