సవానాలో వెనకిల్లు

అక్కావాళ్ళు ఉండేది జార్జియా రాష్ట్రంలోని సవానా శివారులో. నేను వెళ్ళిన రెండో రోజు పొద్దున అక్క ఒక గిన్నె చేతికిచ్చి, "వెనకింటి వాళ్ళది, ఇచ్చి రారా" అంది. వెనకిల్లంటే నిజంగా వెనకే. పెరటి చెక్కకంచె మీంచి వాళ్ళ వంటింటి కిటికీ కనిపిస్తోంది. గేటు ఎక్కడని అడిగితే నవ్వింది. ఈ వీధి కొసన గుండ్రంగా తిరిగి మూసుకుపోతుంది, వాళ్ళ వీధీ అంతే. ఇలా మూసుకుపోయే వీధిని కల్-డి-సాక్ అంటారు. అందులోంచి పెద్ద రోడ్డెక్కి, ఫుట్‌పాత్ లేనిచోట గడ్డిలో నడిచి, ఇంకో కాలనీలోకి తిరిగి ఆ గుమ్మం చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలు! చూసి జాలిపడ్డారేమో, వాళ్ళే కారులో దింపారు.

మధ్యాహ్నం బావ పాత ఊరికి తీసుకెళ్ళాడు. 1733లో, జార్జియా వలసని స్థాపించిన జేమ్స్ ఓగల్‌థోర్ప్ వేసిన ప్లాన్ అది. మధ్యలో చిన్న పార్కులాంటి స్క్వేర్, దానికి ఉత్తర దక్షిణాల్లో 40 ఇళ్ళ స్థలాలు, తూర్పు పడమరల్లో గుళ్ళకీ ప్రజాభవనాలకీ నాలుగు స్థలాలు. ఇదంతా కలిపి ఒక వార్డు. ఊరు పెరిగినప్పుడల్లా పక్కన అలాంటిదే ఇంకో వార్డు అతికించుకుంటూ పోయారు. 1851 నాటికి స్క్వేర్లు 24 అయ్యాయి, ఇప్పటికి 22 మిగిలాయి. బుల్ స్ట్రీట్‌లో స్క్వేర్ అడ్డొచ్చినచోటల్లా కార్లు చుట్టూ తిరిగి పోవాలి. నడిచేవాళ్ళం మాత్రం ఓక్ చెట్ల కింద తిన్నగా దాటేశాం. పొద్దున నా పాట్లకి సరిగ్గా తిరగేసి.

నేను కూడళ్ళు లెక్కపెడుతుంటే బావ ఎగతాళి చేశాడు. కానీ ఊళ్ళ వీధుల తీరుని అధ్యయనం చేసేవాళ్ళు చేసేదీ అదే. నాలుగు దారులు కలిస్తే 4, మూడు కలిస్తే 3, మూసుకుపోయిన వీధి కొసకి 1. సగటు ఎంత పడిపోతే వీధులు ఒకదానికొకటి అంత అందకుండా ఉన్నట్టు. అమెరికా అంతటికీ ఇలా లెక్కగట్టి 2015లో వచ్చిన ఒక అధ్యయనం, కొత్తగా వేసిన వీధులు మరీ విడివిడిగా ఉన్నది 1994 ప్రాంతంలోనని, ఆ తర్వాత మళ్ళీ కాస్త కలుస్తున్నాయని తేల్చింది.

"మా కాలనీ సరిగ్గా అప్పటిదే" అన్నాడు బావ, ఏదో బహుమతి వచ్చినట్టు. "అయినా బయటి కార్లు రావు, పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటారు. అది లెక్కలోకి రాదా?"

వస్తుంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

చివరికి ఎల్లిస్ స్క్వేర్ చేరాం. 1954లో అక్కడి పాత మార్కెట్‌ని పడగొట్టి పార్కింగ్ భవనం కట్టారు. దాన్నీ కూల్చి, 2010లో స్క్వేర్‌ని మళ్ళీ తెరిచారు. పార్కింగ్ మాత్రం ఎక్కడికీ పోలేదు, నేల కిందికి దిగింది. మేం కారు పెట్టిందీ అక్కడే.