తల్లీతండ్రీ చేయలేని మేలు: ధమ్మపదంలో ఒక గాథ, గే సాధకుల జీవితం

న తం మాతా పితా కయిరా, అఞ్ఞే వాపి చ ఞాతకా।
సమ్మాపణిహితం చిత్తం, సేయ్యసో నం తతో కరే॥

బుద్ధుడి గాథల సంకలనమైన ధమ్మపదంలో, మనసు గురించి చెప్పే చిత్తవగ్గంలో ఇది చివరి గాథ, 43వది. సరైన దారిలో నిలిపిన మనసు మనిషికి చేసే మేలు తల్లి గానీ తండ్రి గానీ చుట్టాలు గానీ చేయలేరని భావం. మామూలుగా దీన్ని మనోనిగ్రహం గురించిన మాటగా చదివి ముందుకు వెళ్ళిపోతాం. కానీ అట్ఠకథ, అంటే ధమ్మపదానికి ఉన్న పాత వ్యాఖ్యానం, ఈ గాథకు ముందు చెప్పే కథ తెలిస్తే, గే అయిన సాధకుడు ఇక్కడ ఆగకుండా ఉండలేడు. నేను గేని, ధమ్మాన్ని, అంటే బుద్ధుడి బోధను, నమ్ముకున్నవాణ్ణి. ఇక్కడ చాలాసేపు ఆగాను.

సోరేయ్య నగరంలో ఒక శ్రేష్ఠి కొడుకు ఉండేవాడు. పెళ్ళయింది, ఇద్దరు కొడుకులు. ఒకరోజు స్నేహితుడితో కలిసి బండిలో స్నానానికి వెళ్తూ ఊరి బయట బుద్ధుడి శిష్యుల్లో పెద్దవారైన మహాకచ్చాయన స్థవిరుణ్ణి చూశాడు. ఆయన భిక్షకు ఊళ్ళోకి వస్తూ పైవస్త్రం సవరించుకుంటున్నారు. ఆ బంగారు ఛాయ చూసి, "ఈయన నా భార్య అయితే ఎంత బాగుండు, లేదా నా భార్య ఒళ్ళు ఇలా మెరిస్తే ఎంత బాగుండు" అనుకున్నాడు. అనుకున్న క్షణంలోనే స్త్రీ అయిపోయాడు. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా బండి దిగి పారిపోయాడు. తక్షశిలకు పోయే బిడారు వెంట పడి వెళ్ళి, అక్కడ ఇంకో శ్రేష్ఠి కొడుక్కి భార్యయి, మరో ఇద్దరు కొడుకుల్ని కన్నది. తర్వాతెప్పుడో ఆ పాత స్నేహితుడు తక్షశిలకు వస్తే పిలిపించి, జరిగిందంతా చెప్పుకుంది. స్థవిరుణ్ణి క్షమాపణ అడగమన్నాడు స్నేహితుడు. అడిగింది. ఆయన క్షమించారు. ఆమె మళ్ళీ పురుషుడై, భిక్షువుగా మారింది.

"నీకు ఏ పిల్లలంటే ఎక్కువ ప్రేమ?" అని జనం ఈ భిక్షువును, ఊరి పేరుతో సోరేయ్యుడైన అతణ్ణి, అడిగేవాళ్ళు. కడుపున మోసినవాళ్ళంటేనే అని చెప్పేవాడు. అర్హంతుడయ్యాక, అంటే తృష్ణ పూర్తిగా తొలగి విముక్తుడయ్యాక, అదే ప్రశ్నకు, తనకు ఎవరి మీదా ప్రత్యేకంగా మమకారం లేదన్నాడు. ఇది అబద్ధమేమోనని భిక్షువులు బుద్ధుడి దగ్గర ప్రస్తావిస్తే, ఆయన సోరేయ్యుడి పక్షాన నిలబడి ఈ గాథ చెప్పారు.

ఇది గే మనిషి కథ కాదు, లింగం మారిన మనిషి కథ. పైగా పురుషుడు స్త్రీ కావడాన్ని అట్ఠకథ చెడు కర్మకు ఫలంగా చూస్తుంది. ఆ మాట నాకు మింగుడుపడదు, ఆ కాలపు చూపని పక్కన పెడతాను. నన్ను పట్టుకున్నది ఆ పారిపోవడం. తనలో మొదలైనదాన్ని చూసి హడలిపోయి, తెలిసినవాళ్ళందరికీ మొహం చాటేసి బతకడం ఎలా ఉంటుందో మాలో చాలామందికి తెలుసు. అలా పారిపోయిన మనిషి, భార్యగా బతికి బిడ్డల్ని కన్న మనిషి, ఆ గతం ఏదీ అడ్డు రాకుండా అర్హంతుడయ్యాడు.

గాథ తల్లిదండ్రుల్ని తక్కువ చేయడం లేదు. తల్లిని ఒక భుజం మీద, తండ్రిని ఇంకో భుజం మీద పెట్టుకుని నూరేళ్ళు మోసినా వాళ్ళ ఋణం తీరదని చెప్పిందీ ఆ బుద్ధుడే. కానీ ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో రోజులు గడిపేవాడికి ఈ గాథ ఒక ఊరటనిస్తుంది. వాళ్ళు అర్థం చేసుకునేదాకా నీ సాధన ఆగనక్కర్లేదు.

శీలం సంగతి కూడా చెప్పాలి, చాలామంది భయం అక్కడే ఉంటుంది. గృహస్థుల పంచశీలాల్లో మూడోది కామంలో తప్పుడు నడవడికి దూరంగా ఉండమంటుంది. బుద్ధుడి ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమనికాయంలోని సాలేయ్యక సుత్తం ఆ తప్పుడు నడవడి ఏమిటో వివరిస్తుంది: తల్లిదండ్రుల, తోబుట్టువుల, బంధువుల సంరక్షణలో ఉన్నవాళ్ళతో, భర్త ఉన్నవాళ్ళతో, పెళ్ళి కుదిరినవాళ్ళతో సంబంధం పెట్టుకోవడం. ఒకే లింగం వాళ్ళ ప్రేమ మాట అక్కడ లేదు. భిక్షువులకైతే ఎవరితోనైనా సరే మైథునం నిషిద్ధమే. తర్వాతి కాలపు కొన్ని గ్రంథాలు, ముఖ్యంగా టిబెట్‌లో, ఇంకా నియమాలు చేర్చాయి. అవి భార్యాభర్తలకూ వర్తిస్తాయి, ఆ సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేయరు.

అసలు కష్టం ఆసనం మీద కూర్చున్నాక వస్తుంది. ధ్యానం చేస్తే ఈ ఆకర్షణ పోతుందన్న ఆశతో ధమ్మంలోకి వచ్చే గే యువకులు ఉంటారు. కళ్ళు మూసుకుంటారు, శ్వాస మీద మనసు పెడతారు. కాసేపటికి ఒక మొహం గుర్తొస్తుంది, దాని వెంటే ఒళ్ళంతా పాకే సిగ్గు, దవడ బిగుసుకోవడం, "ఛీ, నేనిలా ఉండకూడదు" అన్న మాట. సాధన అంటే ఆ మొహాన్ని తరిమేయడమే అనుకుంటారు. ధ్యానంలో ఎరుకను ఎలా నిలపాలో బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తం చెప్పేది అది కాదు. రాగం ఉన్న చిత్తాన్ని రాగం ఉన్న చిత్తమని తెలుసుకో, ద్వేషం ఉన్న చిత్తాన్ని ద్వేషం ఉన్న చిత్తమని తెలుసుకో అంటుంది. రాగం ఎవరి మీద అని ఆ వాక్యం అడగదు. అంతేకాదు, మొదటి ఉపదేశంలోనే బుద్ధుడు తృష్ణ మూడు రకాలన్నారు: కామతృష్ణ (ఇంద్రియ సుఖాల కోరిక), భవతృష్ణ (ఉండాలన్న కోరిక), విభవతృష్ణ (లేకుండా పోవాలన్న కోరిక). నేను ఇలా లేకుండా పోతే బాగుండు అన్న కోరిక ఆ మూడోదానికి చాలా దగ్గర. గే అయినవాడు తన మీద తాను చేసే యుద్ధంలో మొదటి తృష్ణ కంటే ఇదే ఎక్కువ మంటపెడుతుంది, దాన్నేమో వైరాగ్యం అనుకుని మురిసిపోతాం.

"అనాత్మ, అంటే నేను అనే స్థిరమైనదేదీ లేదు, అంటున్నారు కదా, మరి ఈ గే అన్న గుర్తింపు ఎందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. నా భార్య, నా పిల్లలు అనేవాణ్ణి ఎవరూ ఈ ప్రశ్న అడగరు. ఉపదేశాల మరో సంకలనం సంయుత్తనికాయంలో, సోమా భిక్షుణి దగ్గరకు సాధకుల్ని దారి తప్పించే మారుడు వచ్చి, రెండు వేళ్ళ పాటి కొద్ది తెలివి ఉన్న ఆడదానికి ఋషులు చేరే స్థానం అందదంటాడు. మనసు చక్కగా కుదిరినప్పుడు స్త్రీ అయితే ఏమిటని అడుగుతుందామె. నేను స్త్రీని, నేను పురుషుణ్ణి, నేను ఫలానా అనుకునేవాళ్ళతో వెళ్ళి మాట్లాడుకోమంటుంది. ఆ జవాబు ఆమె సొంత సాధనలోంచి వచ్చింది. ఇంకొకరి నోరు మూయించడానికి దాన్ని వాడితే అది మారుడి పక్షమే అవుతుంది.

మైత్రీ భావన, అంటే అందరి మేలు కోరే ధ్యానం, గురించి వ్యాఖ్యాత బుద్ధఘోషుడు తన సాధనా గ్రంథం విసుద్ధిమగ్గంలో ఒక హెచ్చరిక చేస్తాడు. మొదట్లోనే వేరే లింగం వాళ్ళ మీద మైత్రి పెంచవద్దు, రాగం పుడుతుంది అని. ఒకడు తన భార్య మీద మైత్రి పెంచబోయి, తలుపు ఎక్కడుందో కానక, ఆమె దగ్గరకు వెళ్ళాలని రాత్రంతా గోడతో యుద్ధం చేశాడట. నాలాంటివాడు ఈ సూచనను తిరగేసి చదువుకోవాలి. ఆకర్షణ కలిగించే స్నేహితుడితో మొదలుపెట్టకుండా, మనసులో గౌరవం తప్ప వేరే కదలిక రాని పెద్ద మనిషితో మొదలుపెట్టాలి. అన్నిటికంటే ముందు తనతో తాను. "నేను సుఖంగా ఉండాలి" అన్న వాక్యం దగ్గరే చాలామంది గొంతు పట్టేస్తుంది. తొందరేం లేదు, అక్కడే ఉండిపోవచ్చు. ధ్యాన శిబిరాల్లో ఆడా మగా విడిగా కూర్చోబెడతారు, ఆకర్షణ రాకూడదని. గే సాధకుడికి, ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళకీ, ఆ ఏర్పాటు పనిచేయదు. చూపును తామే కాచుకోవాలి. దీన్ని శిక్షగా నేను చూడను. ఇంద్రియ సంవరం, అంటే ఇంద్రియాల్ని కాచుకోవడం, మాకు మొదటి రోజు నుంచే పనిలో పడుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇస్సాన్ డోర్సీ అనే గే జెన్ (జపాన్ బౌద్ధ ధ్యాన సంప్రదాయం) గురువు ఉండేవారు. అంతకుముందు ఆడవేషంలో స్టేజీ షోలు చేసిన మనిషి, మాదకద్రవ్యాల్లో మునిగి తేలిన మనిషి. ఎయిడ్స్ అంటేనే జనం దూరం జరుగుతున్న రోజుల్లో, 1987లో, ఆయన రోగుల్ని తమ ధ్యానకేంద్రంలోకే తెచ్చుకుని మైత్రి అనే సేవాసదనం మొదలుపెట్టారు. ఆ జబ్బుతోనే 1990లో పోయారు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలన్న బుద్ధుడి మాటను అంత నేరుగా పాటించినవాళ్ళు తక్కువ.

ఇక గేనని నోరు విప్పి చెప్పడం. మంచి మాటకు బుద్ధుడు ఐదు లక్షణాలు చెప్పారు: సమయానికి, నిజంగా, మృదువుగా, మేలు చేసేలా, మైత్రితో. నిజమన్నది ఐదింటిలో ఒకటి. ఇల్లు, చదువు, ప్రాణం ప్రమాదంలో పడే చోట ఊరుకోవడం అబద్ధం కాదు, చెప్పలేదని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు. కానీ ఇంట్లోవాళ్ళ కోసమని, అవతలి అమ్మాయికి విషయం చెప్పకుండా పెళ్ళికి తల ఊపడం మౌనం కిందకు రాదు. అక్కడ దెబ్బ తినేది ఆమె జీవితం. పెళ్ళయితే అంతా సర్దుకుంటుందని తొందరపెట్టే పెద్దలు కూడా ఆ అమ్మాయి గురించి ఒక్కసారి ఆలోచించాలి.