ఎవుడి ఇంజిన్‌కిరా తెచ్చావు?

"ఎవుడి ఇంజిన్‌కిరా తెచ్చావు ఇది?"

గాజువాక ఆటోనగర్‌లో, మా మేనల్లుడు పనిచేసే షెడ్డులో, మొన్న శనివారం సాయంత్రం మా మేస్త్రి నన్నడిగిన మాట. గట్టిగా కూడా అనలేదు. సగం తాగిన టీ గ్లాసు వైస్ పక్కన పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నేను, మా మేనల్లుడు, బెంచీ మీద నా పాత లుంగీలో చుట్టుకొచ్చిన టర్బో మిగిలాం. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగతో ఒకవైపు చక్రం (టర్బైన్) తిరిగి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో (కంప్రెసర్) ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే సామాను.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో నేను 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అంతకుముందు కంచరపాలెం ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి, నాలుగేళ్లు ఈ మేస్త్రి దగ్గరే స్పానర్లు పట్టాను. సెలవు మీద వచ్చిన ప్రతిసారీ ముందు ఫోన్ చేసి "ఏం తెమ్మంటారు మేస్త్రీ" అని అడుగుతాను. "ఏటీ వద్దురా" అనే ఒక్కమాటే ఇన్నేళ్లూ. ఈసారి మేనల్లుడు నోరు తెరిచి అడిగాడు. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఒకాయన దగ్గర పాత మారుతి ఎస్టీమ్ కారు కొన్నాడు. దానికి టర్బో పెట్టి ఆటోక్రాస్‌లో (మలుపుల దారిలో టైముకి నడిపే కార్ల పోటీ), ట్రాక్ మీద తిప్పాలని వాడి కోరిక. "మావయ్యా, అక్కడ చవగ్గా దొరుకుతాయంట కదా, ఒకటి చూడవా" అన్నాడు. వాడి దగ్గరున్నది మొత్తం 60 వేలు. ఓవర్‌టైమ్ చేసి కూడబెట్టుకున్న డబ్బు.

చూశాను. షార్జా పాత సామాన్ల యార్డుల్లో జపాన్ నుంచి వచ్చిన ఇంజిన్లు వరసగా పేర్చి ఉంటాయి. అక్కడ నిస్సాన్ సిల్వియా రెండు లీటర్ల ఇంజిన్ మీంచి తీసిన టీ28 రకం టర్బో దొరికింది. తెలిసినవాడు కాబట్టి బాగా తగ్గించి ఇచ్చాడు. కిరోసిన్‌తో కడిగి, ఆయిల్ చుక్క లేకుండా తుడిచి, పెట్టెలో పెట్టాను. విమానంలో ఒప్పుకునే 30 కిలోల్లో దాని బరువుకే చాలా పోయింది. అమ్మకి అనుకున్న దుప్పటి ఆగిపోయింది, అక్కకి నీడో పాలపొడి డబ్బాలు రెండు తగ్గాయి. అంత ప్రేమగా మోసుకొచ్చిన దాన్ని పట్టుకుని ఆయన ఆ మాట అంటారా!

ఆయన ఏం చేశారో చెప్తాను. లుంగీ విప్పి రెండు చేతుల్లోకి తీసుకున్నారు. కంప్రెసర్ వైపు నట్టుని చూపుడువేలు, బొటనవేలు మధ్య పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగారు. ఆ దిశలో ప్లే దాదాపు ఉండకూడదు, లేదు కూడా. పక్కలకి కదిపారు, రవ్వంత ఆడింది, అంత ఉంటుంది. రెక్కల అంచుల మీద గోరు తిప్పి చూశారు, ఎక్కడా చెక్కుకుపోలేదు. అప్పటిదాకా మొహం ప్రసన్నంగానే ఉంది. తర్వాత దాన్ని ఎత్తుకుని కారు దగ్గరికి వెళ్లారు. విప్పి పెట్టిన ఎక్సాస్ట్ మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే గొట్టం) నోట్లో బొటనవేలు పెట్టి ఒకసారి, టర్బైన్ నోట్లో పెట్టి ఒకసారి చూసుకున్నారు. తిరిగొచ్చి బెంచీ మీద దించి ఆ మాట అన్నారు. కొలబద్ద లేదు, కాగితం లేదు.

నాకు కోపం వచ్చింది. దాచుకోను. 11 ఏళ్లుగా టర్బోలతోనే బతుకుతున్నవాణ్ని. మా ఫోర్‌మన్ పాలక్కాడ్ ఆయన, చేట్టన్ అంటాం. టర్బో ఎంత గాలిని ఎంత ఒత్తిడితో పంపగలదో గీసిన కంప్రెసర్ మ్యాప్ ముందు పరిచి, ఎడమ గీత దాటితే గాలి వెనక్కి తన్నుతుంది, కుడి గీత దాటితే చక్రం ఎంత తిరిగినా గాలి పోదు, మధ్యలో దీవుల్లా ఉన్న చోట నడిపించాలి అని పిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు చెప్పాడు. మన దగ్గర ఎవరు చెప్పారు నాకిలా? బొటనవేలితో కొలిచేవాళ్లు నన్ను తప్పుపట్టడం ఏమిటి? అక్కతో ఇదే మాట రాత్రి అన్నం దగ్గర అన్నాను. అక్క చారు వేస్తూ, "ఆయన నిన్నేమీ అన్లేదు కదరా, ఎవరికి తెచ్చావని అడిగారంతే కదా" అంది.

ఆ "ఎవరికి" దగ్గరే ఇరుక్కుపోయాను. మేడ మీద పడుకుంటే నిద్ర రాలేదు. స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం చిన్నప్పటిలాగే ఎర్రగా ఉంది. చేట్టన్ నేర్పిన లెక్క ఫోన్‌లో వేయడం మొదలుపెట్టాను. షార్జాలోనే ఐదు నిమిషాల్లో వేయాల్సిన లెక్క అది.

ఎస్టీమ్ ఇంజిన్ 1298 సీసీ, కంపెనీ లెక్క 85 హార్స్‌పవర్. రెండు చుట్లకి ఒకసారి తన కడుపు నిండా గాలి పీలుస్తుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3,900 లీటర్లు. పూర్తిగా నిండదు, 85 శాతం అనుకుంటే 3,300 పైచిలుకు. మన విశాఖ 35 డిగ్రీల ఎండలో ఆ గాలి బరువు 3.8 కిలోలు. టర్బోతో అర బార్ బూస్ట్, అంటే మామూలు గాలి ఒత్తిడికి పైన ఇంకో సగం, ఇస్తే గాలి నొక్కుకుని వేడెక్కుతుంది. కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో నడిచినా బయటికొచ్చే గాలి దాదాపు 88 డిగ్రీలు. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టి 55కి దించితే నిమిషానికి 5.3 కిలోలు, అంటే 12 పౌండ్లకి కాస్త తక్కువ. నిమిషానికి ఒక పౌండు గాలికి సుమారు 10 హార్స్‌పవర్ అనేది మా పనిలో అందరూ వాడే లెక్క. కాబట్టి 115, 120. లోపలి పిస్టన్లు మార్చకుండా ఆ ఇంజిన్‌ని అంతకంటే ఎక్కువ అడగాలంటే నాకు భయం.

మరి నేను తెచ్చింది? ఆ టీ28 సిల్వియాలో 250 గుర్రాల ఇంజిన్‌కి ఊపిరి పోసింది. అంటే నిమిషానికి పాతిక పౌండ్ల గాలి. వీడికి కావాల్సిన దానికి రెట్టింపు. ఇంకో విషయం కూడా ఉంది. దాని టర్బైన్ తిరగాలంటే వెనకనుంచి పొగ తోయాలి. రెండు లీటర్ల ఇంజిన్ మీదే అది మూడు వేలు దాటితేగానీ పూర్తిగా లేవదు. 1.3 లీటర్ల ఇంజిన్ అంత పొగ ఇవ్వాలంటే ఒకటిన్నర రెట్లు వేగంగా తిరగాలి. 4,600 దాకా ఏమీ ఉండదు. ఆ తర్వాత ఒక్కసారి తన్నుతుంది, ఆరు వేల పైన గేరు మార్చేయాలి. మార్చగానే మళ్లీ కింద పడుతుంది. మలుపు మలుపుకీ బ్రేకు కొట్టే ఆటోక్రాస్‌లో ఆ కారుకి కంపెనీ ఇంజిన్ కంటే పికప్ తక్కువ ఉండేది.

ఇది తెలియక తెచ్చానా? తెలిసిన విద్యే. నాకు బాధ కలిగించింది అదే. మా గ్యారేజీకి వచ్చేవి ఎక్కువగా నిస్సాన్ పాట్రోల్‌లు. 4.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. శుక్రవారాలు బిగ్ రెడ్ ఇసుక కొండ ఎక్కించడానికి టర్బో పెట్టించుకుంటారు. వాటికి పెట్టే టర్బోల పక్కన టీ28 బొమ్మలా కనిపిస్తుంది. రోజూ వాటినే చూసే కళ్లకి యార్డులో ఇది "చిన్నదే కదా" అనిపించింది. అక్కడి ఇంజిన్ వీడి ఇంజిన్‌కి మూడున్నర రెట్లు పైనే. అక్కడ సైజు తప్పితే యజమాని ఇంకొకటి తెప్పించమంటాడు, మాకు ఇంకో రోజు కూలీ. ఇక్కడ తప్పితే 60 వేలూ పోతాయి, ఇంకో రెండేళ్లు ఓవర్‌టైమ్.

దీన్ని బట్టి అక్కడి పని గొప్పదా, ఇక్కడిది గొప్పదా అని ఎవరైనా అడిగితే నేను వాదనకి దిగుతాను. చేట్టన్ లేకపోతే ఆ లెక్క నాకు ఈ జన్మకి వచ్చేది కాదు. కానీ నాలుగేళ్లలో మేస్త్రి షెడ్డులో ఒక్క సామాను కూడా ఎవరి బండికో తెలియకుండా కొన్నట్టు నాకు గుర్తులేదు. బండి పేరు, ఓనరు ఏ రూట్లో తిప్పుతాడు, ఎంత బరువేస్తాడు, ఇవన్నీ చెప్పి కుర్రాణ్ని షాపుకి పంపేవారు. నేనే వెళ్లేవాణ్ని.

ఆదివారం మేనల్లుడికి అంతా విప్పి చెప్పాను. వాడి మొహం చిన్నబోయింది, కానీ నన్నేమీ అనలేదు. "మరి స్విఫ్ట్ డీజిల్‌ది పెట్టేద్దామా మావయ్యా, ఇక్కడే దొరుకుతుంది" అన్నాడు. చాలామంది చేసే పని అది. సైజు దగ్గరగానే ఉంటుంది. కానీ డీజిల్ పొగ 800 డిగ్రీలు దాటడమే ఎక్కువ, పెట్రోలు పొగ గట్టిగా తొక్కితే 900 దాటి పోతుంది. ఆ పోతపోసిన హౌసింగ్ ఈ వేడికి తయారైంది కాదు, పగుళ్లిస్తుంది. లోపల కదిలే రెక్కలున్న రకమైతే ఇంకా కష్టం. అలాంటిది పెట్రోలు కారులో పెట్టడానికి పోర్షె వాళ్లు 2006లో 911 టర్బోకి ప్రత్యేకమైన లోహాలు వాడాల్సి వచ్చింది. పోనీ మరీ చిన్నది పెడదామా అంటే జపాన్‌లో 660 సీసీ కార్ల టర్బోలున్నాయి, అవి 64 గుర్రాలకి కట్టినవి. రెండు వేల దగ్గరే లేస్తాయి, నిజమే. నాలుగు వేలు దాటేసరికి పొగ బయటికి పోలేక ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, వేడి పెరుగుతుంది, నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు టైము కాకుండానే అంటుకుని కొట్టుకోవడం, మొదలవుతుంది. ఇంజిన్లు పోయేది ఎక్కువగా అక్కడే.

సోమవారం పొద్దున్నే మర్రిపాలెంలో మేస్త్రి ఇంటికి వెళ్లాను. అరుగు మీద పేపరు చదువుతున్నారు. నేను కాగితం తీసి లెక్క చూపించబోయాను. కళ్లజోడు పైకి తోసుకుని ఓపిగ్గా విన్నారు, 12 పౌండ్ల దగ్గర ఆపి మళ్లీ చెప్పించుకున్నారు కూడా. తర్వాత అన్నారు:

"సింహాచలం ఘాట్ ఎక్కినప్పుడు సెకండ్ గేర్లో ఆడి ఇంజిన్ ఎంత తిరగతాదిరా?"

"మూడు వేలు, మూడున్నర వేలు."

"అక్కడ నీ కాలు ఏటి అడుగుతాదో అది ముందు ఇయ్యి. మీటరు ఆకర్న ఏటుందో తరవాత సూద్దుం."

నా లెక్క మొదలైంది ఆరు వేల దగ్గర. ఆయనది మూడు వేల దగ్గర. ఇంటికొచ్చి మళ్లీ వేశాను, ఈసారి కింద నుంచి పైకి. మన దేశంలో అమ్మిన పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో 1.8 లీటర్ల టర్బో ఇంజిన్ ఉండేది, 150 గుర్రాలు. దాని మీద ఉండేది కే03 రకం టర్బో. పెట్రోలు వేడికే చేసింది, నీళ్లతో చల్లబడేది. ఆ ఇంజిన్‌కి పూర్తి టార్క్ 1,750 దగ్గరే వచ్చేస్తుంది. అదే నిష్పత్తిలో 1.3కి వేస్తే 2,400 చిల్లర. పైన 15 పౌండ్ల దాకా ఇవ్వగలదు, మనకి కావాల్సింది 12. ఘాట్‌కీ సరిపోతుంది, మీటరు చివరికీ సరిపోతుంది.

ఆటోనగర్‌లోనే, బళ్లు విప్పే షాపులో ఒకటి దొరికింది. 18 వేలకి బేరం కుదిరింది. ఈసారి నట్టు పట్టుకుని లాగి చూసింది మేనల్లుడు. మిగిలిన డబ్బు మేనిఫోల్డ్‌కి, ఇంటర్‌కూలర్‌కి, పెద్ద ఇంజెక్టర్లకి పోతుంది. 120 గుర్రాలకి ఒక్కో ఇంజెక్టరు నిమిషానికి 235 సీసీ దాకా పెట్రోలు పోయాలి. ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంది కాబట్టి ఇంకాస్త పెద్దవే చూసుకోమన్నాను. రోడ్డు మీద మాత్రం తిప్పకూడదని అక్క ముందే మాట తీసుకున్నాను. బండిలో ఇలాంటి మార్పుల్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కారు ట్రాలీ మీదే వెళ్లాలి, ట్రాలీ మీదే రావాలి.

నిన్న ముగ్గురం కలిసి కే03ని మేనిఫోల్డ్‌కి ఆనించి చూశాం. మేనల్లుడు టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే గొట్టాన్ని సన్నగా, మధ్యలో బొజ్జ వేలాడేలా కట్టాడు. మేస్త్రి ఏమీ అనకుండా నావైపు చూశారు. షాఫ్ట్ నిమిషానికి రెండు లక్షల చుట్లకి దగ్గరగా తిరుగుతుంటే ఆయిల్ నురగలా వస్తుందని, పంపు దాన్ని తోయదని, తనంతట తానే జారాలని చెప్పి విప్పించాను. బొటనవేలంత లావు గొట్టం తెప్పించి, ఇంజిన్ అడుగున సంపులో ఆయిల్ మట్టానికి పైన చేరేలా, నిటారుగా దించాం. వాడు ఒక మగ్గు నీళ్లు పోసి చూశాడు. గడగడమనకుండా కిందికి జారిపోయాయి. మేస్త్రి తల ఊపారు.

టీ28 మళ్లీ లుంగీలో చుట్టేశాను. షార్జాలో దానికి తగిన ఇంజిన్ ఎవరిదో ఒకరిది దొరుకుతుంది. ఎల్లుండి ప్రయాణం. షెడ్డు నుంచి బయల్దేరుతుంటే మేస్త్రి వెనక్కి పిలిచారు. జేబులోంచి సన్నటి సందులు కొలిచే తన ఫీలర్ గేజు తీసి చూపించారు. నేను చేరిన రోజుల్లోదే అది. సన్నటి ఆకులు రెండు విరిగిపోయి ఉన్నాయి.

"వచ్చీసారి వచ్చినప్పుడు ఇలాంటిదొకటి తేరా. మిల్లీమీటర్ల లెక్కది."

ఆకుల మీది అంకెలు ఒక్కొక్కటి చదివి, లెక్క వేసిన కాగితం వెనకే రాసుకున్నాను.