ఊగుతున్న స్పైడర్ మ్యాన్: ఒక ఆదివారం పని

ఆదివారం. పొద్దున్నుంచీ మబ్బు.

బొమ్మల కీళ్ళ పని పెట్టుకోవడానికి ఇలాంటి రోజే మంచిది. ఎండ దంచే రోజుల్లో గదిలోనే ప్లాస్టిక్కు కాస్త మెత్తబడి ఉంటుంది. ఏ కీలు నిజంగా అరిగి వదులైందో, ఏది వేడికి వదులుగా తగులుతోందో అప్పుడు తేలదు. ఇవాళ అలమరలోంచి దిగింది ఆరంగుళాల స్పైడర్ మ్యాన్. ఛాతీ మీద కాళ్ళు చాచిన పెద్ద తెల్ల సాలీడు గుర్తు. 2018 సెప్టెంబరు 7న ప్లేస్టేషన్ 4 మీద వచ్చిన ఇన్‌సామ్నియాక్ స్టూడియో వాళ్ళ వీడియో ఆటలో పీటర్ (స్పైడర్ మ్యాన్ అసలు పేరు) వేసుకునే అడ్వాన్స్‌డ్ సూట్ ఇదే. దాన్ని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో వాళ్ళు మార్వెల్ లెజెండ్స్ వరసలో గేమర్‌వర్స్ పేరుతో బొమ్మగా తెచ్చారు. నిలబడి ఉన్నవాణ్ణి ఊగుతున్నవాడిగా మార్చడమే ఇవాళ్టి పని.

భంగిమకు నమూనాగా కామిక్ పేజీని కాక ఆటనే తీసుకుంటాను. దీనికి గట్టి కారణం ఉంది. 1962లో స్టీవ్ డిట్కో గీసిన తొలి రోజుల నుంచీ స్పైడర్ మ్యాన్ ఒళ్ళు వింతగానే వంగుతుంది. 1988లో టాడ్ మెక్‌ఫార్లేన్ ఆ పాత్రను గీయడం మొదలుపెట్టాక మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి, తొడలు ఏ తుంటికీ సాధ్యం కాని కోణాల్లో తిరిగాయి. కాగితం మీద అవి అద్భుతంగా ఉంటాయి, ఎందుకంటే బొమ్మ గీసేవాడు చేతిని కావలసినంత సాగదీయగలడు. అదే మెక్‌ఫార్లేన్ 1994లో సొంత బొమ్మల కంపెనీ పెట్టాడన్న సంగతి నాకు ఎప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది. ఆటలోని స్పైడర్ మ్యాన్ అలా కాదు. అతని లోపల ఒక ఎముకల గూడు ఉంటుంది. ఎముక పొడవు చాలావరకు మారదు, కీలు దగ్గర తిరుగుతుంది, అంతే. బొమ్మ తయారీ కూడా అదే సూత్రం. అందుకే ఆటలో కనిపించిన భంగిమ బొమ్మకు దాదాపుగా వస్తుంది. కామిక్ ముఖచిత్రంలోని భంగిమ కోసం పట్టుబడితే తుంటి విరుగుతుంది.

ముందు ఆట పెట్టి చూడాలి. ఎత్తైన మేడ మీంచి దూకి, ఎల్3 (కంట్రోలర్ మీది ఎడమ పుల్లను లోపలికి) నొక్కితే తలకిందులుగా దూసుకెళ్తాడు. వీధికి దగ్గరయ్యాక ఆర్2 (కుడి వైపు ట్రిగ్గర్) పట్టుకుంటే వెబ్, అంటే అతను వదిలే సాలెదారపు తాడు, పక్క భవనానికి తగులుకుంటుంది. ఈ ఆటలో వెబ్‌కు నిజంగా ఒక ఆధారం కావాలి. ఉత్త ఆకాశానికి అంటుకోదు. సెంట్రల్ పార్కులోకి వెళ్తే చెట్లే దిక్కు, అందుకే అక్కడ కిందగా, పొట్టిగా ఊగుతాడు. ఊగులో అట్టడుగు చేరినప్పుడు ఒకసారి, పైకి లేస్తున్నప్పుడు ఒకసారి ఆట ఆపి, ఫోటో మోడ్‌లో (ఆపిన దృశ్యాన్ని ఫోటో తీసుకునే సదుపాయం) కెమెరాను చుట్టూ తిప్పి చూడాలి.

అట్టడుగున వేగం ఎక్కువ, తాడు మీద లాగుడూ ఎక్కువ. కాబట్టి ఒళ్ళు అక్కడే అన్నిటికంటే పొడవుగా సాగి ఉంటుంది. పట్టుకున్న చెయ్యి దాదాపు నిటారు, ఛాతీ ముందుకు, కాళ్ళు వెనకపడి ఉంటాయి. పైకి లేచే కొద్దీ లాగుడు తగ్గుతుంది, నడుము ముడుచుకుంటుంది, మోకాళ్ళు ముందుకొస్తాయి. ఆట ఆడేవాళ్ళకు ఇది వేళ్ళలోనే ఉంటుంది: అడుగున ఆర్2 వదిలేస్తే ముందుకు దూకుడు, పైదాకా ఆగి వదిలితే ఎత్తు, వదిలే క్షణంలో ఎక్స్ బటన్ నొక్కితే ఇంకో తోపు. బొమ్మను పెట్టేటప్పుడు ఈ రెంటిలో ఏ క్షణమో ముందే తేల్చుకోవాలి. చెయ్యి అడుగు క్షణంలోనూ కాళ్ళు పై క్షణంలోనూ ఉంటే ఎంత మంచి బొమ్మ అయినా గాల్లో వేలాడదీసినట్టే కనిపిస్తుంది, ఊగుతున్నట్టు కాదు. ఇవాళ ఎంచుకున్నది అడుగు క్షణం.

ఇక కీళ్ళు. కుడి మోచెయ్యి బిగుసుకుపోయి ఉంది. కొత్త బొమ్మల్లో ఇది మామూలే. ఫ్యాక్టరీలో వేసిన రంగు కీలు సందులోకి జారి, ఆరి, జిగురులా పట్టేస్తుంది. ఇక్కడ బలం వాడకూడదు. కీలు దగ్గర ప్లాస్టిక్కు తెల్లగా పాలిపోతే లోపల చీలిక మొదలైందని అర్థం, వెంటనే ఆపాలి. కెటిల్లో నీళ్ళు మరిగించి, స్టీలు గ్లాసులో పోసి, రెండు నిమిషాలు ఆగనిచ్చి, ఆ చేతిని మాత్రమే 30 నుంచి 60 సెకన్లు ముంచాలి. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో వేస్తే రంగు ఉబ్బుతుంది, సన్నటి వేళ్ళు వంకర పోతాయి. బయటికి తీసి, కీలుకు రెండు పక్కలా దగ్గరగా పట్టుకుని, మడత వాటంలోనే ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించాలి. చెయ్యి చివర పట్టుకుని మెలితిప్పితే కీలు పిన్ను తెగుతుంది. ఒక్కసారికి రాకపోతే మళ్ళీ ముంచడమే.

మణికట్టు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చేతులు మార్చుకునే బొమ్మల్లో ఎక్కువగా విరిగేది మణికట్టు పిన్నే. వెబ్ వదిలే వేళ్ళున్న చేతిని తీసి పిడికిలి పెట్టే ముందు, మణికట్టు రంధ్రం వైపున్న ముంజేతిని వేడినీళ్ళలో అర నిమిషం ఉంచితే రంధ్రం మెత్తబడి పిన్ను సులువుగా దిగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తోస్తే పిన్ను విరిగి లోపలే ఉండిపోతుంది, దాన్ని తీయడానికి సన్న డ్రిల్లు కావాలి.

కీలు కదిలాక ఒక్క చుక్క సిలికాన్ ఆయిల్, పళ్ళపుల్ల మొనతో. ట్రెడ్‌మిల్ బెల్టు కింద వేసేందుకు అమ్మే శుద్ధ సిలికాన్ ఆయిల్ సరిగ్గా సరిపోతుంది, చిన్న సీసా ఏళ్ళపాటు వస్తుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయొద్దు. అది దుమ్మును పట్టి, కొన్నాళ్ళకు చిక్కబడి కంపు కొడుతుంది. కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు పెట్రోలియం సరుకు. కొన్ని ప్లాస్టిక్కులను అవి పెళుసుగా మారుస్తాయి. వేసిన చుక్క కీలు లోపలికి ఇంకేలా ఆడించి, బయటికి వచ్చింది తుడిచేయాలి. లేకపోతే ఎరుపు మీద మరక నిలుస్తుంది.

ఎడమ చీలమండది దీనికి తలకిందుల జబ్బు. మరీ వదులు. నిలబడే భంగిమల్లో బరువంతా దాని మీదే పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు అదే అరుగుతుంది. దీనికి తెల్ల ఫెవికాల్ చాలు. ముందు కీలును సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, నూనె తడి ఉంటే జిగురు నిలవదు. ఫెవికాల్‌లో దాదాపు సగం నీళ్ళు కలిపి, సూదిమొనతో బంతి కీలు చుట్టూ పల్చగా పూయాలి. ఆరేదాకా పది నిమిషాలకోసారి కదిలిస్తూ ఉండాలి. కదిలించకపోతే అతుక్కుపోతుంది. ఒక రోజంతా ఆరాక పట్టు వస్తుంది. సరిపోకపోతే ఇంకో పూత. ఫెవికాల్ నచ్చకపోతే వేడినీళ్ళలో మళ్ళీ ఊడదీయొచ్చు, అందుకే నాకు ఈ పద్ధతి మీద నమ్మకం. సూపర్ గ్లూతో పని త్వరగా అవుతుంది కానీ దాని ఆవిరి చుట్టుపక్కల రంగు మీద తెల్లటి పొరగా దిగుతుంది, కీలు శాశ్వతంగా బిగిసే ప్రమాదమూ ఉంది. గోళ్ళ రంగు కూడా వద్దు, అందులోని ద్రావకాలు గట్టి ప్లాస్టిక్కును తింటాయి. తొడ కీలు లాంటి పెద్ద బంతి ఊడివచ్చే రకమైతే, ప్లంబర్లు వాడే సన్నని తెల్ల టేపు ఒక్క చుట్టు చుట్టి మళ్ళీ ఎక్కించడం అన్నిటికంటే శుభ్రమైన పని.

మధ్యాహ్నానికి భంగిమ మొదలైంది. క్రమం ముఖ్యం. ముందు కటి, తర్వాత ఛాతీ, తర్వాత కాళ్ళు, ఆ తర్వాతే చేతులు, చివరగా తల. చాలామంది చేతులతో మొదలుపెడతారు, అప్పుడు ఒళ్ళంతా ఆ చెయ్యికి సర్దుకోవాల్సి వస్తుంది. కటిని ముందు ఒక వైపుకు వాల్చి, ఛాతీని దానికి ఎదురుగా కొద్దిగా తిప్పితే అక్కడే సగం ప్రాణం వస్తుంది. రెండు కాళ్ళూ ఒకే కోణంలో ఉండకూడదు. ఒక మోకాలు పూర్తిగా మడిచి, రెండోది సగం. పాదాల మొనలు వెనక్కి చాచాలి. అడ్డంగా ఉన్న పాదం నేల మీద నిలబడ్డ పాదం లాగే ఉంటుంది, దానితో మొత్తం భ్రమ పోతుంది. తల ఎప్పుడూ వెళ్తున్న దిశకే తిరగాలి, తాడు వైపు కాదు.

గాల్లో ఉన్నవాణ్ణి నిలబెట్టేది స్టాండు. దాని క్లిప్పు కటి దగ్గరే పట్టాలి, ఒంటి బరువు మధ్యస్థానం అక్కడే ఉంటుంది. ఛాతీ దగ్గర పట్టుకుంటే కాళ్ళు మెల్లగా కిందికి దిగజారుతాయి. స్టాండు పీట చిన్నదైతే కింద రెండు వైపులా బరువు పెట్టాలి, ఒక పక్కకు చాచిన భంగిమ ఫ్యాను గాలికే పడిపోగలదు. ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. మెత్తని పీవీసీలో కలిపే నూనె లాంటి పదార్థం నెలల తరబడి తాకి ఉంటే గట్టి ప్లాస్టిక్కులోకి ఊరి దాన్ని కరిగించినట్టు చేస్తుంది. బొమ్మ ఒంటి మీద జిడ్డుగా, అంటుకునేలా తగిలేది కూడా ఇదే పదార్థం. క్లిప్పుకూ నడుముకూ మధ్య చిన్న పాలిథిన్ ముక్క పెడితే చాలు. జిడ్డు వస్తే గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, మెత్తని బ్రష్. నెయిల్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకూడదు. స్పిరిట్ కూడా రంగు లేపుతుంది.

ఇక వెబ్ తాడు. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ వెబ్ ముక్కలు నాకు నచ్చవు, అవి ఎప్పుడూ వంకరగానే ఉంటాయి. బరువు మోస్తున్న తాడు వంకరగా ఉండదు. అర మిల్లీమీటరు అల్యూమినియం తీగ మీద తెల్ల నూలు దారం దగ్గరగా చుట్టి, పల్చటి ఫెవికాల్ రాస్తే నిటారుగా, కావలసిన కోణంలో నిలబడుతుంది. కోణానికి ఒకే పరీక్ష: తాడు గీతను కిందికి పొడిగించి ఊహిస్తే అది కటికి దగ్గరగా పోవాలి. భుజం పక్కనుంచి దూరంగా పోతే ఆ తాడు అతన్ని మోయడం లేదని కన్ను వెంటనే పట్టేస్తుంది. ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్ళకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది.

సాయంత్రం ఫోటో. ఈ బొమ్మల కొలత 12లో ఒక వంతు, అంటే మీటరు 8.3 సెంటీమీటర్లవుతుంది. మూడు మీటర్ల అంతస్తు 25 సెంటీమీటర్లు. వెనక గోడగా పెట్టే అట్టకు కిటికీలు గీసేటప్పుడు ఈ లెక్క తప్పితే స్పైడర్ మ్యాన్ రాక్షసుడైపోతాడు. అట్ట బదులు ఆటనే వాడుకోవచ్చు. ఫోటో మోడ్‌లో కెమెరాను పక్కకు తిప్పి మాన్‌హటన్ వీధి మాత్రమే పట్టుకుని, ఆ దృశ్యాన్ని టీవీ మీద నిలిపి, టీవీకి ముందు అర మీటరు దూరంలో బొమ్మను ఉంచాలి. దగ్గర పెడితే టీవీ గీతలు ఫోటోలో పడతాయి. ఫోన్‌ను బొమ్మ మొహానికి ఆనించకుండా రెండడుగులు వెనక్కి జరిగి, రెండింతలు దగ్గర చేసే లెన్స్ వాడితే తల పెద్దగా, కాళ్ళు చిన్నగా కనిపించవు. కెమెరా బొమ్మ మోకాలికంటే కింద ఉండాలి. దీపం ఒక్కటే, తాడు కట్టిన వైపు నుంచి. రెండు దీపాలు పెడితే రెండు నీడలు పడి గది గుర్తుకొస్తుంది.

పక్కింటి అబ్బాయి వచ్చి, ఇలాంటిదే సగానికంటే తక్కువకు అమ్ముతున్నారు, తీసుకోమంటారా అంకుల్ అని అడిగాడు. ఫోటో చూస్తే నకలు. తెల్ల సాలీడు గుర్తు ఛాతీ మధ్యలో లేదు, ఎరుపు మీద వెబ్ గీతలు కొన్నిచోట్ల మాయం, కళ్ళ అంచు నల్లగీత ఒకపక్క మందం. అసలు వాటిలో కాలి మీదో వీపు కిందో సన్నని అక్షరాల్లో కంపెనీ ముద్ర ఉంటుంది, అది చూపించమని అమ్మేవాణ్ణి అడగమన్నాను. చేతికొచ్చాక ఘాటైన రసాయన వాసన వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

రేపటికి మిగిలినవి: చీలమండకు రెండో పూత, మోకాలి వెనక రంగు రాసుకుపోయి ఎరుపు కింద నీలం కనిపిస్తున్న చోట నీటి అక్రిలిక్‌తో చిన్న దిద్దుబాటు. ఆ రంగు ఆరాక రెండు రోజులు ఆ మోకాలు మడవకూడదు, కాబట్టి ఇవాళ్టి భంగిమ రాత్రికే విప్పేసి, కాళ్ళు చాచి పడుకోబెట్టాలి. అలమరలో కిటికీ ఎదురు అరలో కాదు, లోపలి అరలో. ఎండకు ముందు పసుపెక్కేది తెల్లగా ఉన్న భాగాలే, పసుపెక్కిన పెయింటును మళ్ళీ తెల్లగా చేయడం కష్టం.