తొంభై ఏడు లక్షల నంబరు బండి

బండి చేతికొచ్చిన రోజు నేను ముందు వెతికింది నంబరు. ఫోర్డు మోడల్ టీ అసలు జాతకం ఇంజన్ దిమ్మ మీదే ఉంటుంది. ఎడమ పక్కన, రేడియేటర్ నీళ్లు లోపలికి వెళ్లే గొట్టానికి కాస్త పైన అంకెలు కొట్టి ఉంటాయి. కిరోసిన్ గుడ్డతో అరగంట రుద్దితే జిడ్డు కింద నుంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. తొంభై ఏడు లక్షల చిల్లర. కోటో మోడల్ టీ 1924 జూన్‌లో తయారైంది. అంటే నాది ఆ కోటి పండక్కి కొద్ది నెలల ముందు పుట్టిందన్నమాట.

ఇంత పాత కారంటే చాలా అరుదైనదనుకుంటారు చూసినవాళ్లు. కాదు. 1908లో మొదలై 1927లో ఆగేలోపు ఇవి కోటిన్నరకు పైగా తయారయ్యాయి. అందుకే ఇప్పటికీ చాలా విడిభాగాలు కొత్తవి చేసి అమ్ముతున్నారు. నాలాంటివాడు ధైర్యం చేసింది అందుకే. హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో 1914 నాటికే ఒక చాసీని, అంటే బండి అడుగు చట్రాన్ని, 93 నిమిషాల్లో బిగించేసేవారు. దాన్నే విప్పి మళ్లీ బిగించడానికి నాకు రెండేళ్ల రెండు నెలలు పట్టింది. వాళ్లకు తుప్పుపట్టిన బోల్టులు ఎదురు కాలేదు కదా అని సర్దిచెప్పుకుంటాను.

విప్పే ముందు ప్రతిదానికీ ఫోటో తీశాను, ప్రతి బోల్టునూ చీటీ కట్టిన డబ్బాలో వేశాను. అందరూ చెప్పే జాగ్రత్తే. కాకపోతే చీటీలు సిరా పెన్నుతో రాశాను. నూనె తగిలి మూడో నెలకు సగం అలుక్కుపోయాయి. పెన్సిలుతో రాసినవి మాత్రం నిలిచాయి.

ఇంజన్ బిగుసుకుపోయి ఉంది. ముందు హ్యాండిల్ తగిలించి బరువంతా వేసినా వెంట్రుకవాసి కదల్లేదు. పదిహేను బోల్టులు తీస్తే పైమూత వచ్చేస్తుంది. నాలుగు సిలిండర్లూ ఒకే పోతలో, మూత మాత్రం విడిగా ఉండటం అప్పట్లో కొత్త సంగతి. మూడో సిలిండర్లో పిస్టన్ గోడకు అతుక్కుపోయి, చుట్టూ ఎర్రటి తుప్పు వలయం. ఎసిటోన్, ఆటోమేటిక్ గేరు నూనె సమపాళ్లలో కలిపి నాలుగింట్లోనూ పోశాను. రోజూ పొద్దున్నే వెళ్లి మట్టం చూడటం, కొద్దిగా పోయడం, చెక్కదిమ్మ పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేయడం. గట్టిగా కొట్టాలనే కోరికను అణచుకోవడమే ఇందులో అసలు పని. పదకొండో రోజున దెబ్బ శబ్దం మారింది. అంతవరకూ గోడను కొట్టినట్టు ఉన్నది కాస్తా, కుండను కొట్టినట్టు వినిపించింది. హ్యాండిల్ పట్టుకుంటే రెండు వేళ్ల మందం తిరిగింది.

విప్పేకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ బండిలో పంపు అన్న మాటే లేదు. నీళ్లు వేడెక్కి వాటంతటవే పైకి లేస్తాయి, రేడియేటర్‌లో చల్లారి కిందికి దిగుతాయి. సీటు కింద ట్యాంకులోని పెట్రోలు వాలుకు జారుతూ, దాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌కు చేరుతుంది. ట్యాంకు సగం ఖాళీ అయ్యాక నిటారు గుట్ట ఎక్కితే ఆ వాలు సరిపోదు. ఆ కాలంలో బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించింది అందుకే. ఇక నూనెను ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీలే అన్ని వైపులా చిమ్ముతుంది. అది ఎంత ఉందో చూడటానికి పుల్ల ఉండదు. ఇంజన్ అడుగున రెండు చిన్న కుళాయిలు ఉంటాయి. కింద పడుకుని పై కుళాయి విప్పితే చుక్క రాకూడదు, కింది కుళాయి విప్పితే కారాలి. ఎన్నిసార్లు కారిందో నా చొక్కాలనడిగితే చెబుతాయి.

పిస్టన్లను ఇంజన్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల బేరింగులు విడి ముక్కలు కావు. తగరం, రాగి, ఆంటిమొనీ కలిసిన బాబిట్ అనే మెత్తటి లోహాన్ని రాడ్డులోనే కరిగించి పోస్తారు. సందు అంగుళంలో వెయ్యోవంతున్నర దగ్గర ఉండాలి. నొక్కితే పరుచుకునే ప్లాస్టిక్ దారం పెట్టి కొలుచుకున్నాను. మూడింటికి పలుచటి రేకులు తీసి సర్దితే సరిపోయింది. నాలుగోదానిలో బాబిట్ పగిలి ఉంది. కరిగిన లోహంలో తడి తగిలితే పేలుతుంది. అది నేర్చుకుంటూ చేసే పని కాదు, తెలిసినవారికే ఇచ్చేశాను.

నిజానికి నా ప్రాణం తీసింది కాయిళ్లు. డ్రైవరు ముందు ఒక చెక్కపెట్టె, అందులో సిలిండరుకు ఒకటి చొప్పున నాలుగు చిన్న చెక్కడబ్బాలు. ఒక్కోదాని పైన స్ప్రింగు రేకు తుమ్మెదలా ఝుమ్మని కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడంతోనే నిప్పురవ్వ పుడుతుంది. ఫ్లైవీలుకు బిగించిన పదహారు అయస్కాంతాలు పదహారు తీగచుట్టల ముందు తిరుగుతూ వీటికి కరెంటు ఇస్తాయి, దీన్నే మాగ్నెటో అంటారు. నా నాలుగు డబ్బాలూ బ్యాటరీ పెడితే ఝుమ్మన్నాయి. ఇంకేం, బాగున్నాయనుకున్నాను. తీరా ఇంజన్ తిప్పితే దగ్గడం తప్ప పలకలేదు. మూడు వారాలు కార్బ్యురేటర్‌ను అనుమానించి దాన్ని నాలుగుసార్లు విప్పాను, పాపం.

తప్పు డబ్బాల లోపల తారులో పూడ్చిన కెపాసిటర్‌లో ఉంది. కాగితం, లోహపు రేకు చుట్టిన పొట్లం అది. వందేళ్లకు కాగితం చెడిపోయి కరెంటు కారుతోంది. పక్కపలక జరిపి, తారును వేడిచేసిన ఉలితో మెల్లగా తవ్వి, పాతదాన్ని తీసి కొత్తది అతికాను. తీగచుట్టకు ఉలి తగిలితే డబ్బా పోయినట్టే. నాది ఒకటి పోయింది. తర్వాత రేకు బిగువును మీటరు చూస్తూ సర్దాలి, ఒక్కోటి 1.3 ఆంపియర్ల దగ్గర నిలకడగా కొట్టుకోవాలి. నాలుగూ ఒకే గొంతుతో పలికిన సాయంత్రం ఊరికే స్విచ్చు వేస్తూ తీస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఈ ఉత్సాహంలో చక్రాలు తగిలించి నడిపేద్దామనుకున్నాను. పాత ఇంజన్లు బాగుచేసే పెద్దాయన ఒకరు చూడటానికి వచ్చి, అంతా విని ఒక్కటే అడిగారు.

"వెనక ఇరుసు విప్పారా?"

"అది బాగానే తిరుగుతోందండీ. శబ్దం కూడా లేదు."

"శబ్దం లేదనే అడుగుతున్నాను. లోపలి వాషర్లు ఏమిటో చూడండి బాబూ. చూసేదాకా రోడ్డెక్కకండి."

మోడల్ టీలో కాలి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేరుపెట్టెలో ఉంటుంది. అక్కడ డ్రమ్మును పట్టీ బిగిస్తే ఆ పట్టు షాఫ్టు గుండా, పళ్లచక్రాల గుండా వెనక ఇరుసుకు చేరాలి. ఇరుసులో పెద్ద పళ్లచక్రాన్ని చిన్నదానికి ఆనించి ఉంచేవి రెండువైపులా ఉండే ఒత్తిడి వాషర్లు. ఫ్యాక్టరీలో వాటిని కూడా బాబిట్‌తోనే చేశారు. అవి పొడైతే పెద్ద చక్రం పక్కకు జరుగుతుంది, పళ్లు విడిపోతాయి. అప్పుడు బండికి లాగుడూ ఉండదు, కాలి బ్రేకూ ఉండదు. మిగిలేది చేతిమీట లాగితే వెనక చక్రాల్లో ఒరుసుకునే చిన్న లోహపు అచ్చులు. వాలులో వాటిని నమ్ముకోవడం అంటే గడ్డిపోచ పట్టుకుని ఏరు దాటడమే.

ఇరుసు విప్పి ఒక పళ్లెంలో నూనె ఒంపాను. నల్లటి జిడ్డులో వేళ్లు పెట్టి కెలికితే బూడిదరంగు ముక్కలు తగిలాయి, గోరంత ఒకటి, బియ్యపు గింజంత పది. ఒకవైపు వాషర్ మూడు ముక్కలుగా చీలి, ఇంకా తన చోటులోనే ఇమిడి ఉంది. ఆ ఇమిడి ఉండటం వల్లే శబ్దం రాలేదు. చేత్తో తీయబోతే బిస్కెట్టులా విరిగిపోయింది. ఏ పని ముందు చేశానో, ఏది వెనక్కి నెట్టానో తలుచుకుంటే అప్పుడు అరికాళ్లు చల్లబడ్డాయి. బిగుసుకుపోయిన ఇంజన్ ఎవరినీ చంపదు, అది కదలదు. నేను ఏడాదిపాటు కదలనిదాని చుట్టూ తిరిగాను. రెండువైపులా కంచు వాషర్లు వేసి, సందు ఫీలర్ గేజితో మూడుసార్లు కొలిచి మూశాను. ఇంకెవరైనా మొదలుపెడితే వాళ్లకు నేను చెప్పేదీ ఇదే, రంగు సంగతి తర్వాత, ముందు ఇరుసు విప్పండి.

రేకుపని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. తుప్పును చాకలి సోడా నీళ్లలో ముంచి, ఛార్జరుతో కరెంటు పంపి వదిలించాను. ఎదురుగా వేలాడదీసే పలక మామూలు ఇనుముదే కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. ఆరుబయటే చేయాలి, హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి. రంగు విషయంలో ఆలోచించేది లేదు. 1914 నుంచి 1925 దాకా నలుపొక్కటే. కొయ్య ఆకుల చక్రాల్లో రెండు వదులై కిర్రుమంటుంటే ఆకులు మార్పించాను. నిగనిగలాడేలా మెరుగుపెట్టమని కొందరన్నారు గాని నేను ఒప్పుకోలేదు. కొత్తగా ఉన్న రోజున కూడా అది అద్దంలా మెరిసిన బండి కాదు.

నాది ఎలక్ట్రిక్ స్టార్టర్ లేని రకం. స్టీరింగు కింద ఎడమ మీట నిప్పురవ్వ సమయానికి, కుడి మీట పెట్రోలుకు. ఎడమ మీటను పూర్తిగా పైకి నెట్టకుండా హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఎదురు తిరిగి ముంజేయి విరగ్గొడుతుంది. ఎడమ చేత్తో, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగాలి తప్ప నొక్కకూడదు. ఇంజన్ అందుకోగానే స్విచ్చును బ్యాటరీ నుంచి మాగ్నెటోకు మార్చాలి. మొదటి రోజు ఆరో లాగుడుకు అందుకుంది. గరాజు నిండా నీలిపొగ, ఇంజన్ ఒళ్లంతా ఊగిపోవడం. పరుగెత్తి మీట దించేలోపే ఆగిపోయింది. మళ్లీ లాగాను.

నడపడం వేరే చదువు. మూడు పెడళ్లలో ఎడమది అడుగంటా తొక్కితే చిన్న గేరు, సగంలో ఉంచితే న్యూట్రల్, వదిలేస్తే పెద్ద గేరు. మధ్యది రివర్సు, కుడిది బ్రేకు. ఖాళీ మైదానంలో మొదటిసారి ఆపాలనుకుని, ముప్ఫై ఏళ్ల అలవాటుతో క్లచ్చు అనుకుంటూ ఎడమ పెడల్ గట్టిగా తొక్కాను. చిన్న గేరు పడి బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. భయపడి ఇంకా గట్టిగా తొక్కాను. చివరికి చేతిమీట లాగితే ఇంజన్ పడకేసి బండి ఆగింది. పక్కన కూర్చున్న పెద్దాయన ఒక్క మాటా అనలేదు, తలమీది టోపీ మాత్రం సర్దుకున్నారు.

ఇప్పుడు పెడళ్లు కాళ్లకు తెలిసిపోయాయి. చలి ఉదయాల్లో మాత్రం దానిదే పైచేయి. గేరుపెట్టెలో చల్లటి నూనె చిక్కబడి క్లచ్చు పలకలు ఒకదాన్నొకటి వదలవు. ఇంజన్ అందుకోగానే, న్యూట్రల్‌లో ఉన్నా సరే, హ్యాండిల్ పట్టుకున్నవాడి మీదికి మెల్లగా జరుగుతూ వస్తుంది. అందుకని చలిరోజున ముందు చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, వెనక చక్రం ఒకదాన్ని జాకీతో పైకి లేపి ఆ తర్వాతే హ్యాండిల్ ముట్టుకుంటాను. గాలిలో ఆ చక్రం ఒక్కటీ తిరుగుతూ ఉంటుంది, నూనె వెచ్చబడేదాకా.